తొండికి ఎంత శిక్ష? టోర్నమెంటు నడిపేవారికి ఒక డ్రిల్లు మాస్టారి సలహా

సంక్రాంతికి వారం ముందు నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మాస్టారూ, ఒక కుర్రాడు దొరికిపోయాడు, ఎన్నేళ్లు వేయమంటారు?" అని అడుగుతారు. కందిపప్పు ఎన్ని కిలోలు కట్టమంటారు అన్నంత తేలికగా అడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "వాడి చేత ఎవరు చేయించారు?" అవతలి వైపు కాసేపు మాట ఉండదు. తర్వాత, "అది మేం అడగలేదండీ" అంటారు.

ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్తు పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. జీతం కాగితాల మీద ఆ పేరే గానీ ఊళ్లో అందరికీ డ్రిల్లు మాస్టారినే. మా మండలంలోనూ చుట్టుపక్కలా జరిగే క్రికెట్ టోర్నమెంట్లకు అంపైరుగా నిలబడ్డాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక క్రమశిక్షణ కమిటీ కుర్చీకి పరిమితమయ్యాను. ఎవరైనా తొండి చేస్తే ఎంత శిక్ష వేయాలి, ఎలా వేయాలి అన్న విషయంలో నేను చాలా తప్పులు చేశాను. అందులో ఒకటి మరీ పెద్దది. అదీ చెబుతాను.

టాస్ కంటే ముందే కాగితం

శిక్ష సంగతి మ్యాచి అయ్యాక చూసుకోవచ్చు అనుకుంటారు. ఎంట్రీ ఫీజు తీసుకునే రోజునే చూసుకోవాలి. ఏది తప్పో, దానికి ఏమవుతుందో ఒకే ఒక్క పేజీలో, తెలుగులో రాసి, కెప్టెను చేతా మేనేజరు చేతా సంతకం చేయించుకోండి. మేనేజరు సంతకం ఎందుకో నా కథ విన్నాక మీకే అర్థమవుతుంది. ఇక, కాగితంలో లేని తప్పుకు శిక్ష వేయకండి. ఎంత ఒళ్లు మండినా వేయకండి.

1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. చివరి బంతికి సిక్సరు కొడితే న్యూజిలాండ్ మ్యాచిని సమం చేస్తుంది. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్‌ను పిలిచి, బంతిని చేయి కిందకు పెట్టి నేల మీద దొర్లించమన్నాడు. ట్రెవర్ దొర్లించాడు. బ్యాటింగ్ చేస్తున్న మెకెచ్నీ దాన్ని ఆపి, కోపంతో బ్యాటు విసిరేశాడు. న్యూజిలాండ్ ప్రధాని కూడా తిట్టిపోశాడు. అయినా అప్పటి నియమాల్లో అది తప్పు కాదు కాబట్టి ఫలితం ఫలితమే. తర్వాత నియమం మార్చుకున్నారు. అదే సరైన పద్ధతి: ఈ ఏడాది సిగ్గుపడండి, వచ్చే ఏడాది కాగితం మార్చండి. ఇంకో సంగతి కూడా గమనించండి. దొర్లించమన్నది అన్న, దొర్లించింది తమ్ముడు. ఆ బంతి పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది తమ్ముడే. నలభై ఏళ్లు దాటినా ఆ బంతి అతని మెడలోనే వేలాడుతోంది.

తప్పుకు సరైన పేరు పెట్టడం

మన భాషలో ఈ విషయానికి మాటల కొదవ లేదు. తొండి వేరు, మోసం వేరు, అమ్ముడుపోవడం వేరు. మూడింటికీ ఒకే కర్ర తీస్తే అది శిక్ష కాదు, కక్ష.

తొండి ఆట వేడిలో పుడుతుంది. నేలకు తగిలిన బంతిని క్యాచ్ పట్టానని అరవడం, పరుగు తీసేటప్పుడు కావాలని గీత దాకా వెళ్లకుండా తిరిగి రావడం, చేతిలో బంతి లేకపోయినా విసిరినట్టు నటించి బ్యాటరును ఆపేయడం, ఇలాంటివి. వీటికి కమిటీ కూర్చోనక్కర్లేదు. మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు రాసే నియమాల్లోనే మందు ఉంది, మన అంపైర్లలో సగం మంది దాన్ని చదవరు, అంతే. కావాలని పరుగు పొట్టి చేస్తే ఆ బంతికి తీసిన పరుగులన్నీ రద్దు, పైగా ఎదుటి జట్టుకు ఐదు పరుగులు. విసిరినట్టు నటిస్తే బ్యాటింగ్ జట్టుకు ఐదు పరుగులు, ఆ బంతి లెక్కలోకి రాదు, తర్వాతి బంతిని ఎవరు ఎదుర్కోవాలో బ్యాటర్లే తేల్చుకుంటారు. ఈ నటన నియమం 2017లో వచ్చింది. మా దగ్గర మొదటిసారి ఆ ఐదు పరుగులు ఇచ్చినప్పుడు ఫీల్డింగ్ కెప్టెన్ నన్ను కొట్టడానికి వచ్చినంత పని చేశాడు. ఓవరు అయ్యాక పుస్తకం తెరిచి చూపించాను. ఆ తర్వాత ఆ టోర్నమెంటు మొత్తంలో ఎవరూ నటించలేదు. అక్కడికక్కడే పడే చిన్న దెబ్బకు ఉన్న గుణం అది.

తొండి కానివాటిని తొండి అనకండి. బంతి బ్యాటు అంచుకు తగిలి క్యాచ్ వెళ్లినా, బ్యాటరు అంపైరు వేలెత్తేదాకా నిలబడటం తొండి కాదు. 2003 ప్రపంచ కప్ సెమీ ఫైనల్లో ఆస్ట్రేలియా బ్యాటరు గిల్‌క్రిస్ట్ తనంతట తాను వెళ్లిపోతే గొప్పగా చెప్పుకున్నాం. 2013లో ట్రెంట్ బ్రిడ్జ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు స్టువర్ట్ బ్రాడ్ కదలకపోతే తిట్టుకున్నాం. తిట్టుకోవచ్చు, శిక్షించలేం. బంతి వేయకముందే గీత దాటిన నాన్‌స్ట్రైకరును, అంటే బౌలర్ వైపు నిలబడే బ్యాటరును, బౌలర్ రనౌట్ చేయడం కూడా అంతే. 2022 అక్టోబరు నుంచి అది రనౌట్ నియమంలోనే చేరింది. దానికి 1947లో అలా రనౌట్ చేసిన మన బౌలర్ వినూ మన్కడ్ పేరు పాపం అప్పటి నుంచీ తగిలించి, తప్పు చేసినట్టు మాట్లాడుతున్నాం. ముందే పరిగెత్తింది ఎవరు?

పేరు తప్పు పెడితే ఏమవుతుందో 2001 నవంబరులో పోర్ట్ ఎలిజబెత్‌లో చూశాం. సచిన్ బంతి కుట్టులో ఇరుక్కున్న గడ్డిని గోటితో తీశాడు. అంపైర్లకు చెప్పి తీయాలి, చెప్పలేదు. అది చిన్న తప్పు. కానీ దేశమంతటికీ చేరిన మాట వేరు: సచిన్ బంతిని పాడు చేశాడు. రిఫరీ మైక్ డెన్నెస్ మరో ఐదుగురు భారత ఆటగాళ్ల మీద కూడా చర్య తీసుకోవడంతో గొడవ ముదిరి, ఆఖరికి ఆ సిరీస్‌లోని మూడో టెస్టుకు అధికారిక హోదానే లేకుండా పోయింది. మీ తీర్పు కాగితంలో "బంతిని పాడు చేశాడు" అని రాసేముందు రెండుసార్లు ఆలోచించండి. ఊళ్లో ఆ కుర్రాడికి అదే ఇంటిపేరైపోతుంది.

మోసాన్ని దేనితో కొలవాలి

మోసానికి గుర్తు ఒకటే: ముందుగా అనుకుని చేయడం. బంతిని గరుకు చేయడానికి జేబులో ఏదో తెచ్చుకోవడం, వేరేవాడి సర్టిఫికెట్ మీద ఆడటం, స్కోరు పుస్తకంలో అంకె దిద్దడం. దీని వల్ల ఎంత లాభం వచ్చిందని లెక్కలు వేస్తూ కూర్చుంటారు కొందరు. నన్నడిగితే లాభం చూడకండి. ఎవరు అనుకున్నారు, ఎవరి చేత చేయించారు, దొరికాక ఎంత అబద్ధం ఆడారు, ఈ మూడే చూడండి.

2018 మార్చి 24, కేప్‌టౌన్. ఆస్ట్రేలియా కుర్రాడు కామెరాన్ బాన్‌క్రాఫ్ట్, అప్పటికి పది టెస్టులైనా ఆడనివాడు, వడ్రంగులు చెక్క నున్నగా చేయడానికి వాడే గరుకు కాగితంతో బంతిని రుద్దుతూ టీవీ కెమెరాకు దొరికాడు. కంగారుగా దాన్ని ప్యాంటు లోపల దాచుకున్నాడు. అంపైర్లు బంతిని చూసి, మారిందేమీ లేదని దాన్నే కొనసాగించారు. ఐదు పరుగుల జరిమానా కూడా లేదు. ఆ టెస్టును దక్షిణాఫ్రికా 322 పరుగుల తేడాతో గెలిచింది. అంటే మోసం వల్ల వచ్చిన లాభం గుండుసున్న. అంతర్జాతీయ క్రికెట్ మండలి కెప్టెన్ స్మిత్‌కు ఒక టెస్టు నిషేధం, మ్యాచి ఫీజు మొత్తం కోత వేసింది. బాన్‌క్రాఫ్ట్‌కు ఫీజులో 75 శాతం కోతతో సరిపెట్టింది. ఆస్ట్రేలియా బోర్డు మాత్రం స్మిత్‌కూ వైస్ కెప్టెన్ వార్నర్‌కూ పన్నెండు నెలలు, బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు వేసింది. ఒకే తప్పు, రెండు తూకాలు. మండలి తూచింది బంతిని. బోర్డు తూచింది పథకాన్నీ, ఆ సాయంత్రం చెప్పిన అబద్ధాన్నీ. అది గరుకు కాగితం కాదు, మట్టి అంటిన టేపు అని విలేకరుల ముందు చెప్పారు మరి.

అప్పట్లో నాకు ఆ శిక్ష చాలా ఎక్కువ అనిపించింది. నిజం చెప్పాలంటే నా బాధ న్యాయం గురించి కాదు, సన్‌రైజర్స్ గురించి. కొన్ని రోజుల్లో ఐపీఎల్ ఉందనగా మన హైదరాబాదు కెప్టెన్ వార్నర్ పోయాడు. విలియమ్సన్ జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లాడు కాబట్టి కాస్త చల్లబడ్డాను. మరుసటి ఏడాది వార్నర్ తిరిగొచ్చి 692 పరుగులు కొడితే ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత అతను మన పాటలకు చిందులేసి ఇంటింటివాడయ్యాడు కూడా. అభిమానం కళ్లకు గంతలు కడుతుంది, కమిటీలో కూర్చునేవాడు ఇది తెలుసుకోవాలి. ఇప్పుడు ఆలోచిస్తే పన్నెండు నెలలు సరైనవే. కుర్రాడికి తొమ్మిది ఎక్కువ. పథకం వేసి, ఎలా చేయాలో నేర్పింది వార్నర్ అని బోర్డే తేల్చినప్పుడు ఇద్దరి మధ్య మూడు నెలల తేడా ఏం తేడా? ఆరు చాలు.

వార్నర్ మళ్లీ ఎన్నటికీ కెప్టెన్ కాకూడదన్నది కూడా నాకు నచ్చలేదు. చాలా ఏళ్లు దాన్ని తిరిగి చూడమని అడిగే దారే లేదు. నియమం మార్చి, 2024 అక్టోబరులో ఎత్తేసేసరికి అతను ఆస్ట్రేలియాకు ఆడటమే మానేశాడు. జీవితకాలం అన్న మాట చెప్పేవాడి నోటికి తేలిక.

నేను వేసిన శిక్ష

2009 వేసవి. పదహారు జట్లతో పదిహేడేళ్లలోపు పిల్లల టోర్నమెంటు పెట్టాం. ఒక సన్నటి కుర్రాడు సెమీ ఫైనల్లో ఐదు వికెట్లు తీశాడు. పొడవాటి చేతులు, పరిగెత్తుకొస్తుంటే చెప్పుల్లేని కాళ్ల చప్పుడు కూడా వినిపించేది కాదు. జిల్లా ఎంపికలకు పంపుదామని అప్పటికే మనసులో అనుకున్నాను. మ్యాచి అయ్యాక ఓడిన జట్టులోని పిల్లవాడి తండ్రి వచ్చి, "వీడు మా పక్కింటి అబ్బాయితో ఇంటర్ చదివాడండీ, వీడికి పదిహేడేళ్లేమిటి?" అన్నాడు. తీరా చూస్తే అది తమ్ముడి స్టడీ సర్టిఫికెట్. కుర్రాడికి పందొమ్మిది.

షామియానా కింద నలుగురం కూర్చున్నాం. కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టాం. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడని వాణ్ణి తలబిరుసు అనుకున్నాం. వాడి జట్టు మేనేజరు నా పక్క కుర్చీలోనే కూర్చుని, "ఇలాంటివాళ్లను ఊరికే వదలకూడదు మాస్టారూ" అన్నాడు. పది నిమిషాల్లో తేల్చేశాం. జీవితాంతం నిషేధం. మైకు నేనే తీసుకున్నాను. పేరుతో సహా, ఇంటిపేరుతో సహా చదివాను. ఆ మాటలు వినిపిస్తుండగా వాడి తండ్రి సైకిలు మీద వచ్చి గేటు దగ్గర ఆగడం చూశాను. దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, విని, తిరిగి వెళ్లిపోయాడు.

మూడేళ్ల తర్వాత ఒక పెళ్లిలో, భోజనాల బంతిలో, ఎవరో నవ్వుతూ చెప్పారు. ఆ ఏడు ఆ మేనేజరు ముగ్గురికి అలాంటి సర్టిఫికెట్లు సంపాదించాడట. ఆ కుర్రాడికి ఐదు వందలు, ఒక జత స్పైకులు ఇస్తానన్నాడట. ఇవ్వనూ లేదట. విస్తట్లో చేయి ఆగిపోయింది నాకు. ఈ మూడేళ్లలో అదే మేనేజరు రెండుసార్లు మా చేతుల మీదుగా కప్పు తీసుకున్నాడు. కుర్రాడు బంతి ముట్టుకోలేదు.

ఇక్కడి నుంచి నేను రాసే ప్రతి సలహా ఆ భోజనం తర్వాత నేర్చుకున్నదే.

విచారణ ఎలా చేయాలి

కమిటీలో ముగ్గురు చాలు. ఆ ముగ్గురిలో నిందపడిన జట్టుకూ, వాళ్లు పోతే లాభపడే జట్టుకూ సంబంధించినవాళ్లు ఉండకూడదు. మేనేజరును పక్కన కూర్చోబెట్టుకోవడం మాట దేవుడెరుగు, ఆ గదిలోకే రానివ్వకండి. బంతి మీద అనుమానం ఉంటే ఆ బంతిని కవరులో పెట్టి, అంపైర్లిద్దరి సంతకాలతో మూసేయండి. ఫోను వీడియో ఎవరైనా చూపిస్తే కత్తిరించిన ముక్క వద్దు, మొత్తం అడగండి. పది సెకన్ల ముక్కలో ప్రతివాడూ దొంగలాగే కనిపిస్తాడు.

సాక్ష్యం లేకుండా అనుమానంతో ముందుకెళ్తే 2006 ఓవల్ టెస్టు గతే పడుతుంది. పాకిస్తాన్ బంతిని పాడు చేసిందని అంపైర్లు డారెల్ హెయిర్, బిల్లీ డాక్ట్రోవ్ ఇంగ్లండ్‌కు ఐదు పరుగులు ఇచ్చేశారు. టీ విరామం తర్వాత పాకిస్తాన్ మైదానంలోకి సమయానికి రాలేదు, మ్యాచి ఇంగ్లండ్‌కు ఇచ్చేశారు. తర్వాత విచారణలో బంతిని పాడు చేసిన నింద నిలబడలేదు. పాకిస్తాన్ కెప్టెన్ ఇంజమామ్‌కు నాలుగు వన్డేల నిషేధం పడింది గానీ అది మైదానంలోకి రానందుకు. ఆ ఫలితాన్ని 2008లో డ్రా అన్నారు, 2009లో మళ్లీ ఇంగ్లండ్ గెలుపు అన్నారు. మన ఊళ్లో ఇలా జరిగితే పండగ నాడు రెండు పేటలు కొట్టుకుంటాయి.

కుర్రాణ్ణి ఒంటరిగా వినండి, అంటే కెప్టెనూ మేనేజరూ లేకుండా. పద్దెనిమిదేళ్లు నిండనివాడైతే తల్లో తండ్రో పక్కన ఉండాలి. కూర్చోబెట్టండి. మంచినీళ్లివ్వండి. నిలబెట్టి అడిగితే నిజం రాదు, ఏడుపన్నా వస్తుంది, మౌనమన్నా వస్తుంది. మూడు ప్రశ్నలు: నీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు అనుకున్నారు, ఇంకా ఎవరెవరికి తెలుసు. "ఎందుకు చేశావు" అని అడగకండి. దానికి ఏ కుర్రాడి దగ్గరా జవాబు ఉండదు.

విన్నది విన్నట్టు రాసి, వాడికి చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఆ రాత్రి తీర్పు చెప్పకండి. మరుసటి రోజు మ్యాచి ఉంటే దానికి మాత్రం పక్కన పెట్టండి. పొద్దున్నే లేచాక కూడా అదే శిక్ష సబబు అనిపిస్తే అప్పుడు రాయండి.

ఇదంతా కోర్టు వ్యవహారంలా ఉందని మా కమిటీ కుర్రాళ్లే విసుక్కుంటారు. వాళ్లకు నేను మన హైదరాబాదు సంగతే చెబుతాను. 99 టెస్టులు ఆడిన అజహరుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో 2000 డిసెంబరులో భారత క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసింది. అతను కోర్టుకు వెళ్లాడు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది. నిషేధం పడ్డప్పుడు అతనికి 37, తీర్పు వచ్చినప్పుడు 49. అతను మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడగకండి, టీకొట్టు దగ్గర దానికి సమాధానం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూసేది ఒక్కటే. అంత పెద్ద బోర్డు వేసిన శిక్షే న్యాయస్థానంలో నిలవలేదంటే, షామియానా కింద పది నిమిషాల్లో మేం వేసింది ఎంత?

ఎంత వేయాలి

ఇప్పుడు మీరు ఫోన్ చేసి అడిగే అంకెలు. ఇవి నావి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ఆట వేడిలో తొండికి ఐదు పరుగులు, అక్కడితో సరి. అదే మనిషి అదే టోర్నమెంటులో రెండోసారి చేస్తే ఒక మ్యాచి పక్కన. బంతి మీదా స్కోరు పుస్తకం మీదా మోసానికి, పెద్దవాడైతే ఆ టోర్నమెంటు మిగతా భాగం, వచ్చే ఏడాది మొత్తం. పద్దెనిమిదేళ్ల లోపువాడైతే అందులో సగం. చేయించినవాడు కెప్టెనైనా, మేనేజరైనా, డబ్బు పెట్టే ఆసామైనా, చేసినవాడికి పడ్డదానికి రెండింతలు. ఈ వాక్యాన్ని కాగితంలో పెద్ద అక్షరాలతో రాయండి. సంతకం పెట్టేటప్పుడు మేనేజరు ముఖం చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది.

వయసు మోసానికి భారత క్రికెట్ బోర్డు పద్ధతే అనుసరిస్తాను. 2020లో బోర్డు ఒక అవకాశం ఇచ్చింది. అసలు పుట్టిన తేదీని తనంతట తాను ఒప్పుకుని సరైన పత్రాలు ఇచ్చినవాడికి నిషేధం లేదు, దాచి దొరికినవాడికి రెండేళ్లు. మేమూ మొదటి మ్యాచికి ముందు రోజు సాయంత్రం మైకులో చెబుతాం: ఎవరి వయసైనా తేడా ఉంటే ఇప్పుడే వచ్చి చెప్పండి, పేరు తీసేస్తాం, ఇంకేమీ అనం. మొదటి ఏడాది ఆరుగురు వచ్చారు. చీకట్లో, ఒకరి తర్వాత ఒకరు. ఇద్దరు ఏడ్చారు కూడా. దొరికినవాడికి రెండేళ్లు, అదీ వయసు పరిమితి ఉన్న టోర్నమెంట్లలోనే. పెద్దల ఆటలో ఆడుకోనివ్వండి.

డబ్బు జరిమానా వద్దు. అది కట్టేది కుర్రాడి తండ్రన్నా కావాలి, స్పాన్సరన్నా కావాలి. తండ్రి కడితే అన్యాయం, స్పాన్సరు కడితే వాడికి అది ఖర్చు పద్దు.

శిక్షను మైకులో చదవకండి. జట్టుకూ, కుర్రాడి ఇంటికీ కాగితం ఇవ్వండి, నోటీసు బోర్డు మీద జట్టు పేరు, తప్పు, కాలం రాయండి. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టినవాణ్ణి కమిటీ నుంచి తీసేయండి. వారం రోజుల్లో మళ్లీ చెప్పుకునే అవకాశం ఇవ్వండి, వినేది మాత్రం మొదట విన్న ముగ్గురూ కాకూడదు.

డబ్బు చేతులు మారితే

ఇది మీ పని కాదు, పోలీసుల పని. బెట్టింగు సంగతి తెలిస్తే పెద్దమనుషుల పంచాయితీ పెట్టి సర్దుబాటు చేయకండి. చిన్న ఊరి మ్యాచి మీద ఎవడు పందెం కాస్తాడనుకుంటున్నారేమో. 2022లో గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఒక పొలంలో లైట్లు పెట్టి, కూలీలకు మ్యాచికి నాలుగు వందలిచ్చి రంగు జెర్సీలు తొడిగి, ఐపీఎల్ అని చెప్పి రష్యాలో పందేలరాయుళ్లకు చూపించారు. మన మ్యాచిని యూట్యూబులో చూపించే కుర్రాడు మంచివాడే కావచ్చు, చూసేవాడెవడో మనకు తెలియదు.

కమిటీ చేయవలసింది ఒకటుంది. ఎవరైనా డబ్బు ఆశ చూపితే ఆ రోజే చెప్పాలని, చెప్పకపోవడమూ తప్పేనని పిల్లలకు ముందుగా చెప్పండి. బంగ్లాదేశ్ ఆటగాడు షకీబ్ అల్ హసన్ అంతటివాడికి 2019లో రెండేళ్లు పడింది, అందులో ఒకటి అమలు కాకుండా వాయిదా. అతను డబ్బు తీసుకున్నాడని కాదు. బుకీ అడిగిన సంగతి చెప్పలేదని.

ఇందులో కూడా నా లెక్క మారదు. 2010లో లార్డ్స్‌లో పాకిస్తాన్ బౌలర్లు ఆమిర్, ఆసిఫ్ డబ్బు కోసం నోబాల్స్ వేశారు. ఆమిర్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు, కెప్టెన్ సల్మాన్ బట్‌కు పాతిక. కెప్టెన్‌కు పదేళ్లు, ఆసిఫ్‌కు ఏడు, ఆమిర్‌కు ఐదు వేశారు. పైకి చూస్తే బాగానే ఉంది. కానీ కెప్టెన్ పదిలో ఐదు, ఆసిఫ్ ఏడులో రెండు వాయిదా. కుర్రాడి ఐదులో వాయిదా ఏమీ లేదు. అంటే చేయించినవాడూ చేసినవాడూ ఆటకు దూరంగా ఉన్నది సమానంగా ఐదేళ్లే. జైలు శిక్షల్లో మాత్రం ఇంగ్లండ్ కోర్టు తేడా చూపింది: బట్‌కు రెండున్నరేళ్లు, ఆసిఫ్‌కు ఒక ఏడాది, ఆమిర్‌కు ఆరు నెలలు. క్రికెట్ పెద్దలకంటే ఆ జడ్జికి చేయించడం అంటే ఏమిటో బాగా తెలిసినట్టుంది. ఆమిర్ 2016లో అదే లార్డ్స్‌లో మళ్లీ టెస్టు ఆడాడు. మరుసటి ఏడు చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో రోహిత్‌నూ కోహ్లీనీ ధావన్‌నూ వెనక్కి పంపాడు. ఆ రోజు టీవీ ఆపేశాను గానీ, అతను తిరిగి ఆడటం తప్పని మాత్రం అనుకోలేదు.

తిరిగి వచ్చే రోజు

శిక్ష కాగితంలో మొదలయ్యే తేదీ రాస్తారు. ముగిసే తేదీ కూడా రాయండి. ఆ తేదీన ఎవరో ఒకరు వెళ్లి కుర్రాణ్ణి పిలవాలి. వాడంతట వాడు రాడు, సిగ్గు. ఈలోగా మైదానానికి పూర్తిగా దూరం చేయకండి. మేం స్కోరు పుస్తకం ఇచ్చి కూర్చోబెడతాం. ఇద్దరు స్కోరర్లు ఉంటారు, ఓవరు ఓవరుకూ లెక్క సరిచూసుకుంటారు కాబట్టి భయం లేదు. స్కోరు దిద్దిన కుర్రాడి చేత మాత్రం అదే పని చేయించకండి, నీళ్ల బండి అప్పగించండి.

2009 కుర్రాడి నిషేధాన్ని 2012లోనే ఎత్తేశాం. పెళ్లి భోజనం అయిన వారానికి నేనే కాగితం రాసి, వాడి ఇంటికి వెళ్లి ఇచ్చాను. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "టీ తాగుతారా మాస్టారూ" అన్నాడు. తాగాను. ఆడటానికి మాత్రం రాలేదు. ఇప్పుడు ట్రాక్టరు విడిభాగాల కొట్టు నడుపుతున్నాడు.

పోయిన వేసవిలో పదమూడేళ్లలోపు పిల్లల టోర్నమెంటుకు పేర్లు రాసుకుంటుంటే ఒక సన్నటి పిల్లవాడు వరుసలో నిలబడ్డాడు. పొడవాటి చేతులు. వెనక తండ్రి. నేను అడగకముందే ప్లాస్టిక్ కవరులోంచి పుట్టిన తేదీ సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. జిరాక్సు కాదు, అసలుది. చూడకుండానే పేరు రాసేసుకోవాలనిపించింది. కానీ అందరి పత్రాలూ చూడాలని కాగితంలో రాసింది నేనే. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, తేదీ, ఊరు, తండ్రి పేరు చదివాను. సరిపోయాయి. పేరు రాసుకున్నాను. "బౌలింగా, బ్యాటింగా?" అని పిల్లవాణ్ణి అడిగాను. వాడు తండ్రి వైపు చూశాడు.

"బౌలింగే మాస్టారూ" అన్నాడు తండ్రి.